జ్ఞాపకం చెడిందా, కథ పరాయిదా?

ఎఫ్.సి. బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన 'రిమెంబరింగ్' జ్ఞాపకశక్తి అధ్యయనాన్ని కొత్త దారి పట్టించిన గ్రంథం. అంతకు పూర్వం ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల కూర్పులను వల్లెవేసి మరపును కొలిచాడు. బార్ట్‌లెట్ కథను చేపట్టాడు. జ్ఞాపకమంటే దాచిన వస్తువును పైకి తీయడం కాదు, మనలో ముందే ఉన్న అనుభవపు చట్రంలో ప్రతిసారీ తిరిగి కట్టుకోవడం అన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంతో మాకు పేచీ లేదు. దానినుంచి 'మనిషి జ్ఞాపకం నమ్మదగింది కాదు' అని తేల్చడమే తొందరపాటు.

ఆయన 'దయ్యాల యుద్ధం' అనే అమెరికా ఆదివాసుల కథను ఇంగ్లీషులో రెండుసార్లు చదివించి, కొంతకాలానికి మళ్ళీ రాయించాడు. దోనె మామూలు పడవ అయింది. సీల్ వేట చేపల వేట అయింది. కొందరి పాఠాల్లో దయ్యాలే జారిపోయాయి. అయితే ఇవి ఆ కథాలోకంతో పరిచయం లేని కేంబ్రిడ్జి పాఠకుల తప్పులు. పైగా 1967లో గాల్డ్, స్టీఫెన్‌సన్ ఉన్నదున్నట్లే రాయాలని గట్టిగా చెప్పి పరీక్షిస్తే తప్పులు బాగా తగ్గాయి.

ఆ కథకు మూలం ఫ్రాన్జ్ బోయాస్ 1901లో ప్రచురించిన కథ్లామెట్ కథల సంపుటి. చెప్పినవాడు చార్లెస్ కల్టీ. 1891లో ఆయన చెప్పిన కథల్లో రెండింటిని బోయాస్ 1894 డిసెంబరులో మళ్ళీ చెప్పించాడు. మూడున్నరేళ్ళ తరువాత కూడా రెండు పాఠాలకూ ఎంతో పోలిక కనిపించిందని ఆయనే రాశాడు. ఇది బార్ట్‌లెట్‌ను ఖండించదు, పూరిస్తుంది. చట్రం తనదైనచోట కథ నిలుస్తుంది, పరాయిదైనచోట ఒరుగుతుంది.

రాష్ట్రేతర విద్యార్థులమైన మనకు ఇది ముఖ్యం. హోసూరులోనో బరంపురంలోనో ఒక అవ్వ పాడిన పాట అచ్చుపుస్తకంలోని పాటతో కలవకపోతే 'అవ్వ మరిచిపోయింది' అని రాసుకుంటాం. 'ఆడ', 'ఈడ' అని ఆమె పాడితే 'అక్కడ', 'ఇక్కడ' అని దిద్దుతాం. అప్పుడు కేంబ్రిడ్జి పాఠకుని స్థానంలో ఉన్నది అవ్వ కాదు, మనమే. ఆమె పాటను తప్పుగా లెక్కించే ముందు, కొన్నాళ్ళు ఆగి ఆమె చేతనే మళ్ళీ పాడించి, రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పాఠభేదాల చర్చ ఆ తరువాతే మొదలుకావాలని మా అభిప్రాయం.