ఉచిత రక్షణ ఎంతవరకు ఉచితం?

'ఉచితము' అనే సంస్కృత పదానికి అసలు అర్థం తగినది అని. వెల లేకుండా లభించేది అనే అర్థం మన వాడుకలో తరువాత స్థిరపడినది. ఇంటి కంప్యూటరుకు ఉచితంగా దొరికే వైరసు నిరోధక ప్రోగ్రాములను గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండు అర్థాలనూ విడదీసి చూడవలసి ఉన్నది. వెల లేనివన్నీ తగినవి కావు. తగినది వెల లేకుండానే దొరికినా దొరకవచ్చును.

తిరువూరులో ఒక యింటిని ఊహించుకొందాము. విజయవాడ నుంచి భద్రాచలం వైపు పోయే జాతీయ రహదారి మీది ఊరు. చుట్టూ మామిడితోటలు, దగ్గరలోనే తెలంగాణ సరిహద్దు. ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు తాను వాడి విడిచిన ల్యాప్‌టాపును తండ్రికి ఇచ్చినాడు. మనుమరాలు డిప్లొమా చదువుతున్నది. ప్రాజెక్టు రిపోర్టును పెన్‌డ్రైవులో వేసుకొని జిరాక్సు దుకాణానికి పోయి ముద్రించుకొని వస్తుంది. ఇంటర్నెట్టు కావలసినప్పుడు మాత్రం చేతిఫోను నుంచి ఇస్తారు; తక్కిన వేళల్లో యంత్రానికి లోకంతో సంబంధం ఉండదు. అందులో ఉన్నవేమిటి? పెన్షను కాగితాలు, పొలం పాసుపుస్తకం నకళ్ళు, పదేండ్ల ఫోటోలు. ఒక్క దుష్ట ప్రోగ్రాము వీటన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగితే, ఆ యింట పోయేది కంప్యూటరు కాదు, పదేండ్ల కుటుంబ చరిత్ర. ఈ యింటికి తగిన రక్షణ ఏది అన్నదే ప్రశ్న. బజారులో తిరిగే సిఫారసు పట్టికలు ఈ యింటిని దృష్టిలో పెట్టుకొని తయారైనవి కావు. నా అభ్యంతరం ముఖ్యంగా అక్కడే.

ముందుగా ఒక సంగతి చెప్పవలెను. వైరసులన్నిటినీ తప్పక పట్టగలిగి, నిర్దోషి ప్రోగ్రామును ఎన్నడూ పట్టని సాధనం ఉండడం అసాధ్యం. ఇది సాధనాలు తయారుచేసేవారి చేతకానితనం కాదు. గణితం చెప్పిన మాట. అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ 1980లలో దీనిని నిరూపించినాడు. వాదన చాల చిన్నది. అన్ని వైరసులనూ గుర్తించే పరీక్షకుడు ఒకడున్నాడనుకొందాము. ఒక ప్రోగ్రాము ఆ పరీక్షకుణ్ణే పిలిచి "నేను వైరసునా?" అని అడుగుతుంది. ఔనంటే ఊరకుంటుంది, కాదంటే వ్యాపిస్తుంది. పరీక్షకుడు ఏమి చెప్పినా అబద్ధమే అవుతుంది. అందువల్ల నూటికి నూరుపాళ్ళు రక్షణ అని అట్టమీద అచ్చువేసిన ఏ ప్రకటననైనా నిశ్చింతగా పక్కన పెట్టవచ్చును.

పూర్ణ రక్షణ లేదు కనుక ఉన్నవాటిలో మేలైనదానిని ఎంచుకోవలసి వస్తుంది. దీనికి లోకమంతా ఆధారపడేది రెండు సంస్థల మీద: జర్మనీలో మాగ్డెబర్గు నగరంలోని ఏవీ-టెస్టు, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్కు నగరంలోని ఏవీ-కంపారటివ్సు. మొదటిది రక్షణకు 6, యంత్రవేగానికి 6, అనవసరపు అలజడి చేయకుండుటకు 6, వెరసి 18 మార్కులు వేస్తుంది. రోజుకు 4,50,000కు పైగా కొత్త దుష్ట ప్రోగ్రాములు తమ దృష్టికి వస్తున్నట్లు ఈ సంస్థే చెప్పుతున్నది. పని నిజాయితీగానే జరుగుతున్నది. చదివే పద్ధతిలోనే లోపమున్నది. ఒకదానికి 99.9, మరొకదానికి 99.6 వచ్చినదని మొదటిదానిని ఆకాశానికెత్తుతారు. వెయ్యి నమూనాలలో ఒకటి తప్పినదానికీ నాలుగు తప్పినదానికీ ఉన్న తేడా అది. మరుసటి పరీక్షలో అది తారుమారు కావచ్చును.

అసలు చూడవలసిన గడి వేరే ఉన్నది. దానిని ఎవరూ ఎత్తి వ్రాయరు. ఏవీ-కంపారటివ్సు వారు ఏటా మార్చిలోను, సెప్టెంబరులోను చేసే పరీక్షలో ప్రతి ప్రోగ్రామును ఇంటర్నెట్టు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి పరీక్షించి రెండు అంకెలూ వేరువేరుగా ఇస్తారు. విండోసుతోబాటే వచ్చే మైక్రోసాఫ్టు డిఫెండరు ఇంటర్నెట్టు ఉండగా మొదటి వరుసలో నిలబడుతున్నది. లేనప్పుడు మాత్రం దాని గుర్తింపు శక్తి బాగా పడిపోతున్నది. దాని తెలివిలో పెద్ద భాగం మన యింట్లో లేదు, ఎక్కడో ఉన్న సర్వర్లలో ఉన్నది. ఏవీజీ, అవాస్టు వంటి వాటిలో ఈ తేడా స్వల్పం. నగరంలో రాత్రింబగళ్ళు కనెక్షను ఉన్న యింటికి ఈ గడితో పని లేదు. మన తిరువూరు ఉపాధ్యాయుని యింటికి ఇదే అన్నిటికంటె ముఖ్యమైన గడి, ఎందుకంటే అక్కడ వైరసు వచ్చే దారి పెన్‌డ్రైవు. అది వచ్చే వేళకు ఇంటర్నెట్టు ఉండకపోవచ్చును.

అయితే అవాస్టునే పెట్టుకొందామా? ఇక్కడ 'ఉచితం' రెండో అర్థం అడ్డు వస్తుంది. చెక్ దేశానికి చెందిన ఈ సంస్థ తన వాడుకదారులు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నదీ సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకొన్నది. 2020 జనవరిలో రెండు పత్రికలు దీనిని బయటపెట్టగా ఆ కంపెనీని మూసివేసినారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను కోటీ 65 లక్షల డాలర్లు చెల్లించవలసినదిగా కోరి, ప్రకటనల కోసం ఇట్టి సమాచారాన్ని అమ్మరాదని కట్టడి చేసినది. వందకు మించిన సంస్థలకు ఈ సమాచారం చేరినట్లు కమిషను తెలిపినది. దొంగను పట్టుకొమ్మని పెట్టుకొన్న కావలివాడు ఇంటికి ఎవరెవరు వచ్చి పోతున్నదీ పుస్తకంలో వ్రాసి సంతలో అమ్మినట్లున్నది ఈ కథ.

పోనీ ఇంకొకదానికి మారుదామంటే ఆ ఇంకొకటి ఎంతవరకు వేరు? ఏవీజీని అవాస్టు 2016లో కొన్నది. అవిరాను నార్టన్ కంపెనీ కొన్నది. 2022లో నార్టనూ అవాస్టూ కలిసిపోయి జెన్ డిజిటల్ అయినవి. అంగడిలో నాలుగు పేర్లు. వెనుక యజమాని ఒక్కడే. పైగా నార్టన్, అవిరాలు కొంతకాలం వాడుకదారుని యంత్రంచేత క్రిప్టో నాణేలు తవ్వించే సదుపాయాన్ని కూడా రక్షణ ప్రోగ్రాములోనే చేర్చినవి. అడిగితేనే అది పనిచేస్తుందన్నది నిజమే అయినా, కరెంటు బిల్లు యింటివారిది, అందులో నార్టన్ తన వాటాగా తీసుకొన్నది నూటికి 15. రక్షణకూ దీనికీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. కాస్పర్‌స్కీ ఉచిత ప్రోగ్రాము పరీక్షలలో గట్టిదే. అది రష్యా సంస్థ అని అమెరికా 2024లో నిషేధించినది. మన దేశంలో అట్టి నిషేధం లేదు. ఇది విజ్ఞానశాస్త్రం తేల్చే విషయం కాదు కనుక పాఠకుల విచక్షణకే వదలుతున్నాను.

మన ప్రభుత్వం ఇచ్చేదీ ఒకటున్నది. కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 ఫిబ్రవరి 21న ప్రారంభమైనది. హైదరాబాదులోని సీడాక్ శాస్త్రజ్ఞులు తయారుచేసిన సాధనాలు అక్కడ వెల లేకుండా లభిస్తున్నవి. మన వారి చేతిపని కనుక వీటిని మెచ్చుకోవాలని మనసు తొందరపడుతుంది. మెచ్చుకోదగిన భాగం ఉన్నది కూడా. యూఎస్‌బీ ప్రతిరోధ్ అనేది ఎవరు ఏ పెన్‌డ్రైవును వాడవచ్చునో సంకేతపదంతో అదుపు చేస్తుంది. తిరువూరు యింటి అసలు గుమ్మం ఏదో గుర్తించిన సాధనం ఇది. యాప్‌సంవిద్ ఇంకా లోతైనది. దొంగల జాబితా పట్టుకొని వచ్చినవారినల్లా పరీక్షించడం మామూలు పద్ధతి; ఇది పెండ్లివారి పిలుపుల జాబితా పట్టుకొని, పేరు లేనివారిని లోనికి రానీయదు. కోహెన్ చెప్పిన చిక్కును ప్రక్కకు తప్పించుకొనే మార్గాలలో ఇదొకటి. కాని రోజూ ఏదో ఒక ప్రోగ్రాము తన్ను తాను మార్చుకొనే ఈ కాలంలో, "దీనిని అనుమతింతునా?" అన్న ప్రశ్నకు ప్రతిసారీ జవాబు చెప్పే ఓపిక ఆఫీసులో ఉద్యోగికి ఉండవచ్చును, ఇంట్లో పెద్దాయన రెండో రోజునే అన్నిటికీ ఔనంటాడు. అప్పుడు జాబితా ఉన్నా లేనట్లే.

ఇదే కేంద్రం క్విక్ హీల్, కె7, ఈ-స్కాన్ అనే స్వదేశీ కంపెనీల ఉచిత శుద్ధి సాధనాలను కూడా అందిస్తున్నది. వీటివల్ల చాలమందికి ఒక భ్రమ కలిగినది. ఇవి కావలి కాసేవి కావు. పిలిచినప్పుడు వచ్చి యిల్లు ఊడ్చిపోయేవి. వీటిని ఒకసారి నడిపి, ఇక యంత్రానికి రక్షణ కలిగినదని నిశ్చింతగా ఉండడం ప్రమాదం. ఈ తేడాను మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో చెప్పవలసినదని నా విమర్శ.

రక్షక ప్రోగ్రాము కూడా ఒక ప్రోగ్రామే అన్న సంగతిని మరవరాదు. ఈ-స్కాన్ తన తాజా సమాచారాన్ని రహస్యలిపి లేని మార్గంలో తెప్పించుకొంటూ ఉండగా, దుండగులు నడిదారిలో దానిని మార్చి, దానిచేతనే దుష్ట ప్రోగ్రాములను యంత్రాలలోనికి ఎక్కించినారు. 2023లో కంపెనీ ఆ లోపాన్ని సరిదిద్దినది. దీనిని కనిపెట్టి 2024లో ప్రకటించినవారు అవాస్టు పరిశోధకులే కావడం తమాషా. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షక ప్రోగ్రాములో వచ్చిన పొరపాటువల్ల ప్రపంచంలో 85 లక్షల యంత్రాలు కూలబడినవి. ఆ రోజున శంషాబాదులో ఒక ప్రయాణికుడు చేతివ్రాతతో ఇచ్చిన బోర్డింగు పాసు పట్టుకొని విమానమెక్కినాడు. అది ఇళ్ళలో వాడేది కాదు గాని, యంత్రం మూలాల్లో చేయి పెట్టే ప్రతిదానికీ ఆ శక్తి ఉంటుంది. ఒకే యంత్రంలో రెండు కావలి ప్రోగ్రాములు పెట్టరాదన్న సలహాకు ఇదొక కారణం. వేరొకదానిని ఎక్కించగానే డిఫెండరు తనంతట తాను తప్పుకొంటుంది.

ఇప్పుడు ఎవరూ ప్రస్తావించని ఒక గదిని తెరిచి చూద్దాము. వాడిన కంప్యూటర్లలో చాలవాటిలో విండోసు డబ్బు పెట్టి కొన్నది కాదు. దానిని 'చెల్లుబాటు' చేసే దొంగ ప్రోగ్రామును డిఫెండరు పట్టుకొంటుంది. అందువల్ల ఎక్కించేవారు డిఫెండరును కాసేపు ఆపి, ఆ ఫోల్డరును పరీక్ష నుంచి మినహాయించినవాటి పట్టికలో చేరుస్తారు. తరువాత ఆ పట్టిక అట్లే ఉండిపోతుంది. ఆకుపచ్చ గుర్తు వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక గదికి మాత్రం కావలివాడు పోనే పోడు. కొన్నిచోట్ల సి డ్రైవు మొత్తం ఆ పట్టికలో ఉంటుంది! ఏ ఉచిత రక్షణ మేలు అని వెదికేముందు విండోసు సెక్యూరిటీలో 'ఎక్స్‌క్లూజన్సు' అన్న చోటికి పోయి, అక్కడ ఉన్నవాటిని తీసివేయడం ఏ కొత్త ప్రోగ్రాముకంటెను ఎక్కువ మేలు చేస్తుంది.

2017 మే 12న వన్నాక్రై అనే పురుగు లోకమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. దెబ్బతిన్న జిల్లాలలో కృష్ణా జిల్లాను కూడా ఆనాటి పత్రికలు పేర్కొన్నవి. తిరువూరు అప్పుడు ఆ జిల్లాలోనిదే, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. పురుగు చొరబడిన రంధ్రాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, ఉచితంగా ఇచ్చి ఉన్నది. వేసుకొన్నవారు బ్రతికిపోయినారు. విండోసు 10కి అట్టి మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఇళ్ళలోవారికి పేరు నమోదు చేసుకొన్నమీదట 2026 అక్టోబరు 13 వరకు గడువు ప్రకటించినారు. డిఫెండరుకు మాత్రం తాజా గుర్తులు 2028 అక్టోబరు దాకా వస్తవి. అనగా గోడకు కన్నాలు పడుతూ ఉంటే, గుమ్మంలో కావలివాడు కొత్త దొంగల ఫోటోలు అందుకొంటూనే ఉంటాడన్న మాట. కుమారుడిచ్చిన ల్యాప్‌టాపు విండోసు 11ను మోయలేకపోతే, లినక్సు మీద తెలుగులో పనిచేసేటట్లు హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు రూపొందించినటువంటి దానికి మారే ఆలోచన చేయవచ్చును. జిరాక్సు దుకాణం వైరసులు చాలవరకు విండోసుకోసం వ్రాసినవే.

ఈ యింటికి నేనైతే డిఫెండరునే ఉంచుతాను, మూడు షరతులతో. పెన్‌డ్రైవు పెట్టేముందు ఫోను నుంచి ఇంటర్నెట్టు ఇవ్వవలెను. గుర్తింపు శక్తి పడిపోయే లోపం దీనితో చాలవరకు తీరుతుంది. డిఫెండరులోనే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనే ఏర్పాటు 2017 నుంచి ఉన్నది. పరిచయం లేని ప్రోగ్రాములను పత్రాల ఫోల్డరుపై చేయి వేయనీయదు. అది మూసి ఉంటుంది, మనమే తెరవవలెను. ఫోటోలకూ కాగితాలకూ వేరొక డిస్కులో నకలు తీసి, తీసిన వెంటనే ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించే ఉంచితే తాళం దానికీ పడుతుంది. నెలలో ఎక్కువ రోజులు ఇంటర్నెట్టే ఉండని యింటికి మాత్రం అవాస్టును తప్పనలేను, సమాచారం పంచుకొనే అనుమతులన్నీ తీసివేసిన పక్షంలో. ఫోనులో ఓటీపీ అడిగి డబ్బు కాజేసేవారి ముందు వీటిలో ఏదీ పనికిరాదు. అప్పుడు వెంటనే 1930కి ఫోను చేయవలెను.

కావలివాడు మేలుకొని ఉన్నాడో లేదో చూచే ఉపాయం ఒకటున్నది. ఐకార్ పరీక్షా ఫైలు అని సరిగా 68 అక్షరాలు గల హానిలేని వాక్యం ఉన్నది. రక్షక ప్రోగ్రాములు దానిని వైరసుగా పట్టుకొని తీరాలని తయారీదారులు తమలో తాము ఒప్పుకొన్నారు. నోట్‌ప్యాడులో ఆ వాక్యాన్ని అతికించి పెన్‌డ్రైవులో భద్రపరచి చూడండి. ఇంటర్నెట్టు ఉండగా ఒకసారి, లేకుండా ఒకసారి. కావలివాడి బలం ఎంతో దీనివల్ల తెలియదు. ఏమీ జరగకపోతే మాత్రం ఎవరో అతణ్ణి నిద్రపుచ్చి పోయినారన్న మాట. అప్పుడు ఎక్స్‌క్లూజన్సు పట్టికను మళ్ళీ తెరవండి.