పద్యానికి బరువు కాని కవచం

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో తిరునాళ్ళకు పౌరాణిక నాటకం వేస్తే, తెర లేవగానే కళ్ళు మొదట కిరీటం మీదికే పోతాయి. ఆ తర్వాత భుజకీర్తులు, ఎదమీద కవచం, నడుముకు ఒర, చేతిలో గద. అంతా కలిపి ‘డ్రెస్సు’ అనేస్తాం. కరపత్రంలో కృష్ణుడెవరో, హార్మోనియం ఎవరో పెద్ద అక్షరాల్లో వేస్తారు. డ్రెస్సులు ఎవరివో అట్టడుగున ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క వెనకున్న పనితనం నాకు అపురూపంగా తోస్తుంది.

ఈ పనికి అసలు కొలత నటుడి గొంతు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడేవాడు పద్యం చదవాలి, రాగం తియ్యాలి, జనం ‘వన్స్‌మోర్’ అంటే మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకోవాలి. కవచం డొక్కల దగ్గర పట్టేస్తే ఊపిరందదు. కిరీటం కణతలు నొక్కితే రెండో పద్యానికే తల దిమ్మెక్కుతుంది. చూపుకు మణుగు బరువుండాలి, ఒంటిమీద మాత్రం ఉన్నట్టే తెలియకూడదు.

కిరీటం సంగతే చూడండి. అచ్చుమీద కాగితం, పాత నూలుగుడ్డ పొరలు పొరలుగా గంజితో అంటిస్తారు. గంజిలో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. ఒక పొర ఆరాకే ఇంకో పొర. తొందరపడితే తడి లోపలే నిలిచి అట్ట ఉబ్బిపోతుంది. ఆరాక అంచులు కోసి, లతలూ మొగ్గలూ ఉబ్బెత్తుగా తీర్చి, పైన బంగారురంగు రేకు, అద్దాలు, గాజురాళ్ళు పొదుగుతారు. వెనకవైపు తెరిచి వదిలేస్తారు. నాడాలతో ముడి వేసుకోవచ్చు కాబట్టి టోపా ఎంత ఒత్తుగా ఉన్నా ఇబ్బంది లేదు, ఒకే కిరీటం పదిమంది తలలకు కుదురుతుంది. నుదుటికి తగిలే అంచులో మెత్తటి గుడ్డ కుట్టి ఉంటుంది. చెమటంతా పీల్చేది అదే, అన్నిటికంటే ముందు చివికేదీ అదే. డ్రెస్సు బాగోగులు తెలిసినవాళ్ళు కిరీటం చేతికి రాగానే తిరగేసి ఆ గుడ్డ చూస్తారు.

భుజకీర్తులకు బూరుగు, పొణికి వంటి తేలిక కర్ర వాడటం కూచిపూడి భాగవతుల నుంచీ, యక్షగానాల నుంచీ వస్తున్న అలవాటు. కవచానికి పైన ముఖమల్, దానిమీద జరీ, చెమ్కీ. లోపల ముతక అస్తరు. గద లోపల డొల్ల.

ఇక సముద్రం దగ్గరి ఊళ్ళలో సామాను కాపాడటం వేరే పని. వాడరేవు వైపు ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది, వానాకాలం తోలు పట్టీలకు బూజు పడుతుంది. నాటకం అయిన తెల్లారే చెమట డ్రెస్సులు నీడలో ఆరేసి, ఆరాకనే పెట్టెలో సర్దాలి. ముఖమల్‌ని ఎండలో వేస్తే రంగు వెలిసిపోతుంది, పెట్టెలో తడిగా పెడితే కుళ్ళుతుంది.

వేషం విషయంలో ఈ నేలకు పట్టింపు ఎక్కువ. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ రంగస్థలం మీద సత్యభామగా వెలిగారు, చారిత్రక నాటకంలో రోషనారా కూడా వేశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తెనాలి ప్రాంతంలోని బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది గోఖలే, కళాధర్‌తో కలిసి ‘మాయాబజార్’ (1957)కు కళాదర్శకత్వం వహించారు.

ఇంత ఉన్నా చారిత్రక నాటకం దగ్గర చాలాసార్లు చతికిలపడుతున్నాం. దుర్యోధనుడి పెట్టెలోంచి తీసిన కవచమే తాండ్ర పాపారాయుడికీ తొడుగుతాం. నిజమైన సైనికుడి తొడుగు ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు లేక కాదు. డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు సుమారు 1520లో కృష్ణదేవరాయల సేనల కవాతు కళ్ళారా చూసి రాశాడు. రౌతులు పట్టు, ముఖమల్‌తో బొంతలా కుట్టిన అంగీలు తొడిగారట. లోపల గట్టి పచ్చితోలు పొరలు, వాటికి తోడు ఇనుపరేకులు. పైన ముఖమల్, లోపల పొరలు అంటే మన డ్రెస్సులు కుట్టేవాళ్ళ చేతికి అలవాటైన పనే. మెరుపు తగ్గించి, కుట్టు వరసలు పైకి కనిపించేలా వేస్తే చాలు, విజయనగరం రౌతు స్టేజీ మీద నిలబడతాడు.

బొబ్బిలి యుద్ధానికి తోలు పని కావాలి. 1757 జనవరి 24న కోట మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలోని సిపాయికి భుజం మీంచి ఏటవాలుగా దిగే తోలు పట్టీ, దానికి వేలాడే తూటాల పెట్టె ఉండాలి. పెట్టెలో రంధ్రాలు తొలిచిన చెక్కదిమ్మ, ఒక్కో రంధ్రంలో కాగితం చుట్టిన తూటా, వానకు మందు తడవకుండా వెడల్పాటి తోలు మూత. పాత యుద్ధాలను మైదానంలో మళ్ళీ ఆడి చూపించే సంఘాలు ఐరోపాలో, అమెరికాలో ఉన్నాయి. వాళ్ళు ఇలాంటి పట్టీల్లో కుట్టు కూడా ఆ కాలంలో వేసినట్టే ఉండాలంటారు. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు, ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ రెండూ ఎదురెదురుగా దూరాలి. ఒకచోట తెగినా మిగతా కుట్టు ఊడదు. చెప్పులు కుట్టే మనవాళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. తంగేడు చెక్కతో పదునుచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్ళు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకు వెళ్ళాయి.

పల్నాటి యుద్ధం దగ్గర మాత్రం అనుకరణ జోలికి పోవద్దంటాను. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఆ కథ మొత్తం మళ్ళీ నడుస్తుంది. అక్కడ వీరుల కొణతాలకు, అంటే ఆయుధాలకు, పూజ జరుగుతుంది. దాన్ని దాని భక్తికి వదిలేద్దాం.

బొబ్బిలి సిపాయికీ రాయల విజయనగరం రౌతుకూ వేరే పెట్టెలు తయారు కావాలంటే డబ్బు కావాలి. నాటక సమాజాలు లైటింగుకు, ఆర్కెస్ట్రాకు విడిగా లెక్క వేసుకుంటాయి. డ్రెస్సులకు అద్దె తప్ప తయారీ ఖర్చు అనే పద్దు ఉండదు. ఆ పద్దు ఒకటి పెట్టాలి. డ్రెస్సులు కుట్టేవాణ్ణి, చెప్పులు కుట్టేవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి, నాటకానికి నెలల ముందే పని అప్పగించాలి. కొలతలిచ్చేటప్పుడు నటుడు ఊరికే నిలబడితే చాలదు, పట్టీలు తగిలించుకుని ఒక పద్యం రాగంతో సహా పూర్తిగా పాడాలి. గుండె నిండా ఊపిరి తీసుకున్నప్పుడు పట్టీ ఎక్కడ బిగుస్తుందో చూసి, బకిలు రంధ్రం అక్కడ పొడవాలి.