రెండో చరణం దగ్గర

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తలగడ కిందే ఉండేది. రాత్రి లాంతరు చుట్టూ కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే ఆ పుస్తకం ఆమె ఒళ్ళో మూసే ఉండేది, కీర్తన మాత్రం చరణాలన్నీ వరసగా వచ్చేసేవి. మేమెవరైనా ఒక చరణం మింగేస్తే తొడ మీద చురుక్కున ఒక గిల్లుడు.

ఆ పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌధరి లాంటి కవులు మనకు తెలిసిన రాగాల్లోనే రాశారు. చదువు లేని పల్లె సంఘాల్లో బైబిలు కన్నా ముందు నాలుకకెక్కింది కీర్తనే. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య కూడా పాటను నమ్ముకునే పల్లెలకు బోధ చేయించారు.

మా ఇంట్లో ఈ రాత్రి కీర్తనల గొలుసు తెంపింది నేనే. మా అబ్బాయికి రాత్రి ఎనిమిదింటికి లెక్కల ట్యూషను. ప్రార్థన పదింటికి జరిగింది, తర్వాత ఆదివారానికి జరిగింది, ఆ తర్వాత పండగలకు. కుర్రాళ్ళకు భక్తి లేదని చర్చి మెట్ల మీద నాలాంటి పెద్దలు అంటుంటే ఆ ట్యూషను ఫీజే గుర్తొస్తుంది. చర్చిలో పాట చూపే ప్రొజెక్టరు తెర మీద రాగం పేరు కనిపించదని కూడా గొణుగుతాం. పుస్తకంలో ఉన్నప్పుడు మాత్రం ఎంతమందిమి చూశాం?

ఇప్పుడు మనవరాలు. ఇంగ్లీషు మీడియం, తెలుగు లిపి రాదు. అంటే నాయనమ్మా అదీ ఒకటే! అందుకే పుస్తకం మూసేశాను. నేనొక పాదం పాడితే అది తిరిగి పాడుతుంది. మొన్న మధ్యలో ఆపి, "తాతా, దేవుడు నిజంగా వింటాడా?" అంది. నా చిన్నప్పుడు సండే స్కూల్లో ఇలా అడిగితే బెంచీ ఎక్కించారు. "నాకూ ఒక్కోరోజు అనుమానమేనమ్మా, అయినా పాడతాను," అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, "సరే, తర్వాతది చెప్పు," అంది.

ఈ వారం రెండో చరణం దగ్గరున్నాం. పుస్తకంలో రాగం ఆనందభైరవి అని ఉంది. నేను పాడేది మాత్రం అది కాదని మా చర్చి హార్మోనియం ఆయన అంటాడు.