టొరిడన్ రాతిబాటలో రసం

స్కాట్లాండ్ వాయవ్య మూలన టొరిడన్ కొండలున్నాయి. అక్కడ మౌంటెన్ బైక్ ఎక్కాలనుకున్నవాళ్లు ముందుగా విప్పేది మ్యాపు. నా మట్టుకు రసాస్వాదన అప్పుడే మొదలవుతుంది. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే ఈ కొండలకు వేసిన 1:25,000 పటంలో ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ ఒక కాంటూరు గీత ఉంటుంది. ఆ గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకున్న చోట కొండ నిలువు గోడ. వాటి మధ్య ఎడం పెరిగిన చోట నేల తెరిపిన పడుతుంది. వీటి మీదుగా సన్నటి నల్ల చుక్కల గీత ఒకటి పాకుతూ పోతుంది. అదే కాలిబాట. ఆ చుక్కలు కాంటూర్లను నిలువునా తెంచుకుంటూ పైకి పోతే సైకిలు భుజానికెత్తుకోక తప్పదు. ఏటవాలుగా ఒక్కో గీతనూ నిదానంగా దాటుతూ, కొండ ముక్కు దగ్గర వంపు తిరిగి, మళ్లీ వెనక్కి మళ్లుతూ పోతే మాత్రం ఆ గీసినవాడి వెనక ఎవరో నడక తెలిసిన మనిషి ఉన్నట్టు లెక్క. పటం మీద ఆ వంపును చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఉన్నాడు కూడా. ఈ బాటల్లో చాలావాటిని వేయించింది విక్టోరియా కాలపు వేట ఎస్టేట్లు. 1852లో రాణి కుటుంబం బల్మోరల్ ఎస్టేటు కొనుక్కున్నాక హైలాండ్స్‌లో ఎర్ర దుప్పుల వేట పెద్దింటి సరదా అయింది. దొర దుప్పిని కొండ మీద కొడితే కళేబరాన్ని కిందికి చేర్చేది గ్యారన్ అనే పొట్టి గుర్రం. బరువుతో దిగే గుర్రానికి కాలు జారకూడదు, మోకాలు విరగకూడదు. అందుకని బాటను ఒకే వాలులో పట్టుకొచ్చారు. బురద నేల మీద రాళ్లు పేర్చి దిట్టం చేశారు. పై గట్టున కాలువ తవ్వి, వాననీరు బాట మీదికి రాకుండా మళ్లించారు. ఆ పని చేసిన కూలీలు సైకిలును మనసులో పెట్టుకోలేదు. కానీ బరువు మోసే గుర్రానికి కుదిరిన వాలు, బ్రేకుల మీద వేళ్లు ఆనించి దిగే మనిషికీ అచ్చంగా కుదిరింది. కొండ మీద ఇంత అందంగా ఒదిగిన పనితనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. కట్టినవాళ్ల పేర్లు ఏ పటంలోనూ లేవు. నా దృష్టిలో వాళ్లు శిల్పులు.

ఇక్కడ దారి ఎంచుకోవడానికి అర్థం ఉండడానికి ఇంకో కారణం చట్టం. ఇంగ్లండ్‌లో 1968 నాటి చట్టం సైకిళ్లను బ్రైడిల్‌వే అనే గుర్రపుబాటల మీదికి అనుమతించింది. మామూలు కాలిబాట మీద సైకిలు తొక్కే హక్కు అక్కడ లేదు. స్కాట్లాండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం, బాధ్యతగా మసలుకుంటే చాలు, దాదాపు కొండా కోనా అంతటినీ నడిచేవాళ్లతో పాటు సైకిళ్లకూ తెరిచింది. దాంతో ఏది తొక్కాలన్నది మన వివేకానికి వచ్చి పడింది. ఈ స్వేచ్ఛే లేకపోతే ఇక్కడ రుచి అన్న మాటకు తావే ఉండదు.

దక్షిణ స్కాట్లాండ్ అడవుల్లో సెవెన్ స్టేన్స్ పేరుతో, సైకిళ్ల కోసమే బాటలు కట్టిన ఏడు ట్రయిల్ సెంటర్లు ఉన్నాయి. అక్కడి బాటలకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులతో కష్టం స్థాయి రాసి ఉంటుంది. మలుపుల్లో మట్టిగట్టు ఎంత వంచాలో, దుముకు ఎక్కడ పెట్టాలో లెక్కవేసి కట్టారు. వాన కురిసినా అవి చెడవు. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి బడి లేదు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. అయితే అక్కడ బాట చెప్పదలచుకున్నదంతా వాచ్యంగా చెప్పేస్తుంది. టొరిడన్‌లో రంగు పలకలు లేవు. ఇక్కడ బాట సూచిస్తుంది, ఊరిస్తుంది, దాచుకుంటుంది. ముందున్న రాయి మెరుపును బట్టి తడి ఉందో లేదో, గడ్డి రంగును బట్టి కింద గట్టినేలో ఊబో మనమే పోల్చుకోవాలి. ఆనందవర్ధనుడు ధ్వని అన్నదానికి నేల మీద ఉదాహరణ కావాలంటే నేను ఇక్కడికే తీసుకొస్తాను.

రాయి గురించి కాస్త నిలబడి చెప్పాలి. దారి ఎంపికలో సగం పాలు దానిదే. అడుగున ఉన్నది లూయిసియన్ నైస్. దానిలో కొన్ని భాగాల వయసు 300 కోట్ల ఏళ్లు. దాని మీద పొరలు పొరలుగా టొరిడన్ ఇసుకరాయి. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట నదులు మోసుకొచ్చి పరిచిన ఇసుకే ఇలా గడ్డకట్టింది. ఆ పైన, కొన్ని శిఖరాల తలల మీద మాత్రమే, 50 కోట్ల ఏళ్లు పైబడిన క్వార్ట్‌జైట్ తెల్లగా మెరుస్తూ ఉంటుంది. దూరం నుంచి చూసినవాళ్లు మంచు అనుకుంటారు.

చక్రానికి వీటిలో పై రెండూ రెండు రకాలు. క్వార్ట్‌జైట్ పలకలుగా, కోసుగా విరుగుతుంది. కాలి కింద కదులుతుంది. తడిస్తే జారుతుంది. దాని అంచు టైరు పక్కగోడను కోస్తుంది. అందుకే తెల్ల శిఖరాల వైపు పోయే బాట పటంలో ఎంత సొగసుగా కనిపించినా నేను పక్కన పెడతాను. ఇసుకరాయి కథ వేరు. లేత ఎరుపూ గోధుమా కలిసిన ఆ బండ మీద చెయ్యి రాస్తే కొత్తగా గంట్లు కొట్టించిన సన్నికల్లు తగిలినట్టుంటుంది. వాన పడుతున్నా టైరును పట్టి నిలుపుతుంది. విశాలమైన పలకలుగా పరుచుకుని, ఒక పలక చివర జానెడు మెట్టు దిగి మళ్లీ ఇంకో పలకై సాగుతుంది. ఆ మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరంలో ఒక లయ ఉంది. ముందు చక్రం దిగుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, వెనక చక్రం దిగుతుంది, ఊపిరి వదిలేలోపు తర్వాతి మెట్టు వస్తుంది. యతి కుదిరిన పద్యపాదంలో నాలుక ఎలా తనంతట తాను ఆగి సాగుతుందో, ఇక్కడ శరీరం అలా ఆగి సాగుతుంది.

ఈ దారుల్లో నేను నెత్తిన పెట్టుకునేది కూలాగ్స్ దగ్గర మొదలయ్యే బాట. కారన్ లోయలో ఏ890 రోడ్డు మీది వంతెన పక్క నుంచి ఏటి వెంట ఉత్తరానికి ఎక్కుతుంది. కొంతసేపటికి కోరీ ఫ్యూనరిఖ్ బోతీ వస్తుంది. బోతీ అంటే కొండల్లో బాటసారులు తలదాచుకోను తాళం లేకుండా వదిలిన ఇల్లు. కరెంటు ఉండదు, అద్దె ఉండదు. అది దాటాక బాట పక్కన నిలువుగా ఒక రాయి పాతి ఉంటుంది. గాథల్లోని వీరుడు ఫియన్ తన వేటకుక్కలను ఆ రాతికే కట్టేసేవాడని చెప్పుకుంటారు. ఇంకా పైకి పోయేకొద్దీ బాటలు చీలతాయి. నేరుగా పోతే బ్యాలఖ్ న లీక్ కనుమ దాటి ఆవల టొరిడన్ వైపు ఆనట్ అనే పల్లెకు దిగొచ్చు. కుడికి తిరిగితే బ్యాలఖ్ బాన్ మీదుగా కోరీ లేర్ చేరి, అక్కడి నుంచి ఆక్నషెల్లఖ్ రైల్వే స్టేషనుకు దిగొచ్చు. ఎటు? ఈ చీలిక దగ్గర సైకిలు ఆపి నిలబడడం నాకు ఎంతో ఇష్టం.

ఎక్కేటప్పుడు చెమట పడుతుంది. కొన్ని చోట్ల సైకిలు నెట్టాలి, కొన్ని చోట్ల మొయ్యాలి. మన లాక్షణికులు ముప్ఫైమూడు సంచారీభావాల్లో శ్రమను కూడా చేర్చారు. శంకను చేర్చారు, త్రాసాన్ని చేర్చారు, ధృతినీ హర్షాన్నీ చేర్చారు. కొండదారి ఎంపికకు ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు తెలియదు. సంచారీభావాలు వస్తాయి, పోతాయి. స్థాయీభావం మాత్రం చివరిదాకా నిలవాలి. వీరరసానికి స్థాయి ఉత్సాహం. దిగేటప్పుడు మలుపు మలుపుకూ భయం తొంగి చూడవచ్చు, చూడాలి కూడా. అది తొంగి చూసి తొలగిపోయి, ఉత్సాహం ఉన్నచోటే ఉంటే ఆ దారి మనకు తగినది. భయమే తిష్ఠ వేసుకుని కూర్చుంటే రసం మారిపోయి భయానకం అవుతుంది. అప్పుడు మునివేళ్లు బ్రేకులకు అతుక్కుపోతాయి, కళ్లు ముందు చక్రాన్ని దాటి చూడవు, అంత గొప్ప కొండా కనిపించకుండా పోతుంది. ఆ దారి ఇంకొకరికి మహాకావ్యం కావచ్చు. మనకు ఈ ఏడాదికి కాదు.

2014లో సైకిలు విన్యాసకారుడు డానీ మెకాస్కిల్ తన సొంత దీవి స్కైలోని నల్ల కూలిన్ శిఖరాల మీద సైకిలు నడిపిన చిత్రం ‘ది రిడ్జ్’ వచ్చింది. ఇనాక్సెసిబుల్ పినకిల్ అనే రాతి పలక కొన మీద సైకిలుతో నిలబడ్డ ఆ మనిషిని ఎన్నిసార్లు చూసినా గుండె ఝల్లుమంటుంది. కానీ అది అద్భుతరసం. మనం ప్రేక్షకులుగా ఆస్వాదించేది. ఆ చిత్రం చూసిన ఊపులో ఎత్తును బట్టి, పేరును బట్టి దారి ఎంచుకునేవాళ్లున్నారు. 1345 మీటర్ల బెన్ నెవిస్ కన్నా ఎత్తయిన కొండ బ్రిటన్‌లో లేదు. దాని బాట నిండా నడిచే జనం. వాళ్ల మధ్య మీదపడకుండా దిగడమే పని, ఇక రసానికి చోటెక్కడ?

సరే, చీలిక దగ్గరికి వద్దాం. ఆక్నషెల్లఖ్ దిగుడును మెచ్చుకోనివాళ్లు లేరు. కోరీ లేర్‌లో నిలబడితే ఒకపక్క 962 మీటర్ల స్గోర్ రువా ఎర్రగా, ఎదురుగా 926 మీటర్ల బెన్ లియా వోర్ తెల్లగా కనిపిస్తాయి. అక్కడి నుంచి ఏటి పక్కగా ఇసుకరాతి పలకలు వరసగా కిందికి జారిపోతాయి. మధ్యమధ్య బాటకు అడ్డంగా ఏటవాలుగా పాతిన రాళ్లు వస్తాయి. నీళ్లను పక్కకు తోసెయ్యడానికి పాతినవి. ఆ రాతి ముఖం నేలకన్నా అరచేతి మందాన పైకి లేచి ఉంటుంది, దాని వెనకే చిన్న గుంట ఉంటుంది. ఏమరుపాటున ముందు చక్రం ఆ గుంటలో దిగితే రిమ్ముకూ రాతి అంచుకూ మధ్య టైరు నలిగి చిరుగుతుంది. అది కనబడగానే పెడళ్లు సమంగా పెట్టి, సైకిలును నేల మీది నుంచి కొద్దిగా తేలికచేసి, రెండు చక్రాలనూ దాటించాలి. బాగా దాటితే చప్పుడు రాదు. వాటికీ వాటికీ మధ్య పలకల మీద వేగం పుడుతుంది. చివరికి పైన్ చెట్ల నీడలోకి వెళ్లి స్టేషను దగ్గర తేలతాం. ఓజోగుణం నిండిన దారి అది, పొడవైన సమాసం ఊపిరి తిప్పుకోనివ్వకుండా సాగినట్టు.

ఆనట్ వైపు దిగుడు అలా తొందరపెట్టదు. 933 మీటర్ల మోల్ ఖెన్ జెరగ్ కొండ పాదాల దగ్గర కనుమ దాటగానే చెరువులు వస్తాయి. నీటి అంచున బండల మధ్య బాట మెలికలు తిరుగుతుంది. ఆగి దారి వెతుక్కోవాలి, మళ్లీ కదలాలి. కాసేపు చదును, కాసేపు గతుకు, ఉన్నట్టుండి ఒక నిటారు వాలు. ఇక్కడ నేర్పు కన్నా చూపు ఎక్కువ కావాలి. దిగేకొద్దీ ఎదురుగా 1055 మీటర్ల లియాగఖ్ తన ఇసుకరాతి అంతస్తులన్నీ విప్పి నిలబడుతుంది. దాని పాదాల దగ్గర సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి పరుచుకుని ఉంటుంది. ఆక్నషెల్లఖ్ దిగుతుంటే కొండ వీపు వెనక పడిపోతుంది. ఆనట్ దిగుతుంటే కొండ ముఖం మనకెదురుగా వస్తూనే ఉంటుంది. భావానికి ఆధారమైన ఆలంబనం కళ్లముందే ఉన్నప్పుడు భావం బలపడుతుందని వేరే చెప్పాలా?

క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపాడు. ఈ కొండల్లో ఔచిత్యమంటే ఋతువు, నేల, తోటి మనుషులు. రాతి బాట వానను తట్టుకుంటుంది. దాని పక్కన ఉన్న పీట్ నేల తట్టుకోదు. వేల ఏళ్లు కుళ్లీ కుళ్లక పేరుకున్న ఆ నల్లటి మెత్తని నేలలో టైరు ఒకసారి గాడి పెడితే వాననీరు దాన్నే పట్టుకుని కోసుకుంటూ పోతుంది. బురద తప్పించుకోవడానికి బాట దిగి పక్కన తొక్కితే ఆ గాయం వెడల్పవుతుంది. తడిసిన వారంలో పీట్ మీదుగా పోయే దారి ఎంచుకున్నవాడు ఎంత బాగా తొక్కినా అరసికుడే. వేసవి చివర నుంచి అక్టోబరు దాకా ఎస్టేట్లలో దుప్పుల వేట జరుగుతుంది కాబట్టి ముందుగా కనుక్కుని, వాళ్లు చెప్పిన దారిన పోవడం మర్యాద. నడిచేవాళ్లు ఎదురైతే సైకిలు ఆపి, పలకరించి, వాళ్లను పోనివ్వాలి. బాధ్యత అని చట్టం చెప్పింది ఇదే.

గ్లాస్గోలో, ఎడిన్‌బరోలో, అబర్డీన్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట. ముందు ట్రయిల్ సెంటర్లలో ఎరుపు బాట మీద ఉత్సాహం నిలబడేదాకా నేర్చుకోండి. తర్వాత జూన్‌లో, రాత్రి పది దాకా వెలుతురుండే రోజుల్లో, ఇన్‌వర్‌నెస్ నుంచి కైల్ రైలులో సైకిలుకు ముందుగా చోటు రాయించుకుని ఆక్నషెల్లఖ్‌లో దిగండి. కాగితం పటం, పంపు, వానకోటు, తోడుగా ఒక స్నేహితుడు ఉండాలి. రోడ్డు మీదుగా కూలాగ్స్ చేరి బోతీ దాకా ఎక్కండి. చీలిక దగ్గర నన్నడిగితే, మొదటిసారి ఆనట్ వైపే దిగమంటాను.