ఒక తండ్రి పగిలిన స్వరము

(చదువుము: కీర్తన 88, విలాపవాక్యములు 5)

ఈ నెల మీకు పరిచయము చేయబోవునది మన కీర్తనల పుస్తకములోనిది కాదు. గిటారులతోను డ్రమ్ములతోను పాడు రాక్ అను పాశ్చాత్య సంగీతములోని ఒక ఆల్బము. పేరు "స్కెలిటన్ ట్రీ", అనగా ఆకు రాలి ఎముకలవలె నిలిచిన చెట్టు. తన బ్యాడ్ సీడ్స్ బృందముతో దీనిని పాడినవాడు నిక్ కేవ్. అతడు 1957లో ఆస్ట్రేలియాలో పుట్టెను; చిన్నతనమున దేవాలయపు గాయకబృందములో పాడెను; యౌవనమున మత్తుమందులకు లోబడి చాలాకాలము తిరిగెను; 1998లో మార్కు సువార్తకు ఒక ముందుమాటయు వ్రాసెను. ఇట్టివానిని ఏ వరుసలో కూర్చుండబెట్టవలెనో నాకు తెలియదు. అయినను అతని పాటలు విన్న పిమ్మట ఊరకుండలేకపోతిని.

2015 జూలైలో ఇంగ్లాండులోని బ్రైటన్ దగ్గర, అతని 15 ఏండ్ల కుమారుడు సముద్రతీరపు ఎత్తైన గట్టు నుండి పడి మరణించెను. పాటలలో చాలావరకు అంతకుముందే వ్రాయబడియుండెను. మిగిలిన పని ఎట్లో ముగించి, 2016 సెప్టెంబరు 9న ఆల్బము విడుదల చేసిరి. 8 పాటలు, 40 నిమిషములకు లోపే. అట్ట నల్లనిది. పత్రికలవారికి ఒక్కొక్కరికి తన దుఃఖము చెప్పుకొనలేక, ఆండ్రూ డొమినిక్ తీసిన ఒక నలుపు తెలుపు చిత్రములోనే చెప్పవలసినది చెప్పెను. పరామర్శకు వచ్చిన ప్రతివానికి మొదటినుండి చెప్పవలసివచ్చు ఇంటివారి అలసట మనకును తెలిసినదే.

పాటలు ఎట్లున్నవి? వారెన్ ఎల్లిస్ అను సహచరుడు కల్పించిన యంత్రనాదము, లోతైన బావిలోని ధ్వనివలె అడుగున మ్రోగుచుండును. దానిపై నిక్ కేవ్ స్వరము మాటకును పాటకును నడుమ తడబడును. పగిలినచోట పగిలినట్లే విడిచిరి. మొదటి పాట పేరు "జీసస్ అలోన్". పేరు చూచి ఆరాధనలో పాడుకొనవచ్చునని తలంపకుడి. అది స్తుతిపాట కాదు; చీకటిలో నిలిచి పిలుచువాని పాట. ఎవరు పలుకుదురో పిలుచువానికే తెలియదు. 88వ కీర్తన చదివినవారికి ఈ పిలుపు క్రొత్తది కాదు. ఆ కీర్తన చీకటితోనే ముగియును. అయినను దానిని ఎవరును గ్రంథములోనుండి తీసివేయలేదు.

విలాపవాక్యములు గూడ చూడుడి. మొదటి నాలుగు అధ్యాయములు హెబ్రీ అక్షరమాల వరుసలో అల్లబడినవి. అయిదవదానిలో అక్షరములకు సరిగా 22 వచనములే ఉన్నను ఆ వరుస లేదు. సెమినరీలో దీనిని పరీక్షకొరకు కంఠస్థము చేసితిని. ఏడ్చి ఏడ్చి వరుస తప్పిన నోరు అక్కడ నాకు వినబడినది ఈ ఆల్బము విన్న తరువాతనే.

మా మోమిన్‌పేట్ ప్రాంతమున చావు ఇంట స్త్రీలు శోకము పెట్టుట మీరెరుగుదురు. పోయినవారు తిన్న తిండి, నడచిన బాట, ఒక్కొక్కటి తలచి రాగము తీసి ఏడ్తురు. నేను క్రొత్తగా కాపరినైన దినములలో, ఒక తల్లి బిడ్డ శవము ప్రక్కన అట్లు శోకము పెట్టుచుండగా, ఏడ్పు చాలించుమని చెప్పి పునరుత్థాన కీర్తన ఎత్తుకొంటిని. "ఏడ్వనియ్యుండ్రి అయ్యగారూ, పాట రేపు పాడుకుందం" అని ఒక ముసలమ్మ అనెను. నేను వినలేదు. ఆ తల్లి మౌనమాయెను. ఆ మౌనమే విశ్వాసమని ప్రసంగములో గూడ చెప్పితిని. తరువాత ఆరు నెలలు ఆమె గుడికి రాలేదు.

ఆల్బములో లోపములు లేకపోలేదు. కొన్నిచోట్ల మాటలు ఒకదానికొకటి పొసగవు. నడిమి పాటలు ఒకే మబ్బులో కలిసిపోవును. "డిస్టెంట్ స్కై" అను పాటలో ఎల్స్ టార్ప్ అను డెన్మార్కు గాయని తేటగా పాడగా వినువానికి ఊపిరి తిరుగును. 2019లో వచ్చిన "ఘోస్టీన్" ఆల్బములో వెలుగు ఇంకను హెచ్చు. దానినే ముందు వినుమని చెప్పువారుందురు. నేను చెప్పను. నాలుగేండ్లు పట్టి వచ్చిన వెలుగును మొదటి దినముననే ఎవరి ఇంటికి మోసికొనిపోవలెను?

ఈ పాటలు నాకు ఫోనులో వినిపించినవాడు పట్నములో చదువుకొను మా సంఘపు యౌవనుడు. వాని తండ్రి పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, ప్రార్థనకు కన్నులు మూయబోగా, "అయ్యగారూ, ముందు ఇది వినుండ్రి" అనెను. మొదటి పాట ముగియువరకు ఇద్దరమును అరుగుమీద కూర్చుంటిమి. లోపల వాని తల్లి శోకము పెట్టుచుండెను. ఈసారి నేను ఆపలేదు.