ఫ్లవర్ బ్రాకెట్ల పనితనం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్క అనుకోండి. బి కాలమ్‌లో క్వింటాళ్లు, సి కాలమ్‌లో ధరలు, మొత్తం వంద లాట్లు. మామూలు గుమాస్తా పక్క కాలమ్‌లో వంద గుణకారాలు వేసి కింద కూడతాడు. పనిమంతుడు ఒక్క గడిలోనే బి2 నుంచి బి101 వరకు ఉన్నదాన్ని సి2 నుంచి సి101తో గుణించి, సమ్‌లో పెట్టేస్తాడు. ఆపైన కంట్రోల్, షిఫ్ట్ నొక్కిపట్టి ఎంటర్ కొడతాడు. ఫార్ములాకు అటూ ఇటూ ఫ్లవర్ బ్రాకెట్లు పూస్తాయి. దీన్నే అరే ఫార్ములా అంటారు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు! ఆ బ్రాకెట్లు చేత్తో టైపు చేస్తే రావు. ఎక్సెల్ వాటిని వట్టి అక్షరాలుగానే చూస్తుంది.

 

ఈ విద్యలో నేను మొదట దండం పెట్టింది ఒక చిన్న ఫార్ములాకి. పదేపదే వచ్చే పేర్ల జాబితాలో అసలు రైతులెందరు? ఒక్కో పేరు ఎన్నిసార్లు వచ్చిందో కౌంట్‌ఇఫ్ చెబుతుంది. ఒకటిని ఆ సంఖ్యతో భాగించి, అన్నీ కూడాలి. మూడుసార్లు వచ్చిన పేరుకు మూడు మూడోవంతులు, కలిస్తే ఒకటి. ఎంత అందమైన ఆలోచన! మధ్యలో ఖాళీ గడి ఉంటే మాత్రం సున్నాతో భాగహారమై బెడిసికొడుతుంది. బాబ్ అమ్లాస్ వంటి ఎక్సెల్ ఉద్దండులు ఇలాంటివి చేసి చూపారు. మైక్ గిర్విన్ అయితే 2013లో ఆ మూడు మీటల పేరే పెట్టి పుస్తకమంతా రాశాడు.

రాయడం కన్నా దిద్దడంలోనే చేయి తెలుస్తుంది. పలు గడుల్లో పరుచుకున్న అరే ఫార్ములాలో ఒక్క గడిని మార్చబోతే ఎక్సెల్ ఒప్పుకోదు. లోపల ఏదో ఒక గడిలో ఉండి కంట్రోల్‌తో స్లాష్ నొక్కితే అరే అంతా ఎంపికవుతుంది. ఎఫ్2 నొక్కగానే బ్రాకెట్లు మాయమవుతాయి. దిద్దుకుని మళ్లీ ఆ మూడు మీటలే కొట్టాలి. పాత ఎక్సెల్‌లో ఏకగడి ఫార్ములాకు మరచి ఉత్త ఎంటర్ కొడితే తప్పు అంకె రావచ్చు. అనుమానమున్న ముక్కను ఎంచుకుని ఎఫ్9 కొడితే లోపలి విలువలన్నీ కళ్లముందు నిలుస్తాయి. చూశాక ఎస్కేప్ కొట్టి బయటపడాలి, లేకుంటే ఆ విలువలు అక్కడే గడ్డకట్టుకుపోతాయి.

2018లో ఎక్సెల్‌కు డైనమిక్ అరేలు ప్రకటించారు: ఉత్త ఎంటర్ కొట్టినా ఫలితం తనంతట తానే పక్క గడుల్లోకి పరుచుకుంటుంది. వాటితో వచ్చిన ఫిల్టర్, యునీక్, సార్ట్ ఫంక్షన్లు గొప్పవే, కాదనను. కానీ పలు గడుల్లో పరుచుకున్న పాత అరేలో పొరపాటున ఒక అంకె కొట్టినా షీటు తిప్పికొట్టేది. కొత్తదాంట్లో ఫలితం పరుచుకున్న చోట ఎవరైనా ఒక అంకె కొడితే స్పిల్ ఎర్రర్ వచ్చి ఫలితమంతా కుప్పకూలుతుంది. కాపలా విషయంలో నా ఓటు పాతదానికే.

అంతకంటే మండేది అరువు పనితనం చూసినప్పుడు. అర్థం తెలియకుండా ఎక్కడిదో ఫార్ములా తెచ్చి అతికించడం! వంద వరుసల లెక్కకు 10,48,576 వరుసల కాలమ్ అంతా ఇచ్చేసి, ఫైలు నత్తనడక నడుస్తోందని కంప్యూటర్‌ను తిట్టడం! ఒక ఆఫీసులో నా కళ్లారా చూశాను: దిద్దడం చేతకాక, చక్కటి అరే ఫార్ములా మీద దాని విలువలనే అతికించేశారు. తర్వాత ధరలు మారాయి, మొత్తం మారలేదు. ఎవరూ గమనించలేదు. ఆ ఫార్ములా కట్టినవాడి శ్రమంతా మట్టిపాలైంది.

కంప్యూటర్ క్లాసులు చెప్పే మాస్టార్లూ, పిల్లలకు ఎఫ్9, కంట్రోల్ స్లాష్ తప్పక నేర్పండి. ఎవరో వదిలివెళ్లిన ఫైల్లో ఆ ఫ్లవర్ బ్రాకెట్లు కనిపిస్తే, దయచేసి వాటిమీద విలువలు అతికించకండి. ముందు ఫైలుకు ఒక కాపీ తీసుకుని, ఎఫ్2 కొట్టి చదవండి.