రెండు ముప్పావు మార్కుల వెనుక

సినిమా చూసొచ్చిన వాళ్లని ఇదివరకు "ఎలా వుంది?" అని అడిగేవాళ్లం. ఇప్పుడు "ఎంత ఇవ్వొచ్చు?" అని అడుగుతున్నాం. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. మొదటిదానికి జవాబు చెప్పాలంటే కథ చెప్పాలి, కళ్లు తడిసిన చోటు చెప్పాలి, ఒళ్లు మండిన చోటు చెప్పాలి. రెండోదానికి ఒక అంకె చాలు. మన తెలుగువాళ్లం ఆ అంకెని కూడా కూరముక్కల్లా సన్నగా తరిగి పెట్టుకున్నాం. రెండుంబావు, రెండున్నర, రెండు ముప్పావు. రెండున్నర కంటే ఆ పావు ఎక్కువ ఎందుకు వచ్చిందో, మూడు కాకుండా ఆ పావు ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పరు. ఈ మధ్య నేను చూసిన కొన్ని సినిమాల గురించీ, వాటి మీద చుట్టూ విన్న మాటల గురించీ రాయాలనుకున్నప్పుడు నన్ను ముందుగా పట్టుకున్నది ఆ పావు లెక్కే.

సినిమాకి నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది ఒక స్త్రీ అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రికలో ఐరీన్ థైరర్ 1928 జులై 31న 'ది పోర్ట్ ఆఫ్ మిస్సింగ్ గర్ల్స్' అనే మూకీ సినిమాకి ఒక నక్షత్రం ఇచ్చింది. అప్పట్లో గరిష్ఠం మూడే. తప్పిపోయిన అమ్మాయిల పేరు పెట్టుకున్న సినిమాతో, ఒక స్త్రీ చేతి మీదుగా మొదలైన కొలత ఇది. దాదాపు వందేళ్ల తర్వాత అదే కొలత మన దగ్గరికి వచ్చేసరికి అందులోంచి అమ్మాయిలే తప్పిపోయారు. ఎలా తప్పిపోయారో చూద్దాం.

2017 ఆగస్టులో వచ్చిన 'అర్జున్ రెడ్డి'నే తీసుకోండి. హీరో నటనకి మార్కులు పడ్డాయి. మేకింగ్‌కి, సంగీతానికి, మూడు గంటల సినిమాని కుదురుగా నడిపించినందుకు మార్కులు పడ్డాయి. ఇవన్నీ న్యాయమైన మార్కులే, నాకు పేచీ లేదు. అయితే ప్రీతి అనే మెడికల్ కాలేజీ అమ్మాయిని "ఈమె నాది" అని క్లాసులో ప్రకటించి, అడగకుండా ముద్దు పెట్టుకున్న విషయం ఏ గడిలో వేయాలి? నటన గడిలోనా, సంగీతం గడిలోనా? దానికి గడే లేదు. గడి లేని విషయానికి మార్కు తగ్గదు. అదే సమయంలో ఆ సినిమా ముద్దు పోస్టర్‌ని ఒక సీనియర్ రాజకీయ నాయకుడు హైదరాబాద్‌లో బస్సు మీంచి చించేశారు. ఆయన అభ్యంతరం సంస్కృతి గురించి. ఒకరు కళ పేరుతో చప్పట్లు కొట్టారు, ఒకరు సంస్కృతి పేరుతో పోస్టర్ చించారు. ప్రీతికి ఇష్టమా కాదా అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. లారా మల్వీ 1975లో సినిమా చూపు మగవాడి చూపుగా ఎలా తయారవుతుందో వివరించింది. ఆ చూపు కెమెరాతో ఆగదు. మార్కుల పట్టిక దాకా నడిచి వస్తుంది.

మార్కుల భాషలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట 'ల్యాగ్'. మలయాళ దర్శకుడు జియో బేబీ తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' 2021 జనవరిలో వచ్చింది. పెద్ద ఓటీటీలు మొదట ముందుకు రాకపోతే నీస్ట్రీమ్ అనే చిన్న వేదికలో విడుదలైంది. దాని హిందీ రూపం 'మిసెస్' 2025 ఫిబ్రవరిలో వచ్చింది. రెండింటి గురించీ నేను విన్న ఫిర్యాదు ఒకటే: "తరగడం, వండటం, కడగడం... చూపించిందే చూపించారు, బాగా ల్యాగ్." మలయాళ సినిమా నిడివి వంద నిమిషాలు. చూసేవాళ్లకి వంద నిమిషాలు ల్యాగ్ అన్పించింది, చేసేవాళ్లకి నలభై ఏళ్లు ఏమన్పించాలి? ఆ సినిమాలో మామగారికి అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి, పచ్చడి రోట్లోనే రుబ్బాలి, బట్టలు చేత్తోనే ఉతకాలి. సింకు కింద కారుతున్న పైపు బాగుచేయించమని భర్తకి ఎన్నిసార్లు చెప్పినా ప్లంబరు రాడు. ఆ మురికినీటి బకెట్టు మళ్లీ మళ్లీ కనపడుతుంది. ఆ మళ్లీ మళ్లీయే కథ. దాన్ని కత్తిరించి వేగం పెంచితే మిగిలేది మంచి వంటల కార్యక్రమం. విసుగు పుట్టించడం కోసమే తీసిన దృశ్యానికి, విసుగు పుట్టించిందని మార్కు తగ్గించే విమర్శని ఏమనాలి?

అలాగని మనవైపు నుంచి దానికి అయిదుకి అయిదు ఇచ్చి చేతులు దులుపుకోవడమూ నాకు సమ్మతం కాదు. ఆ ఇంట్లో పనికి వచ్చే ఉష అనే స్త్రీ వుంది. బహిష్టు రోజుల్లో కోడలిని గదిలో కూర్చోబెట్టిన ఇంట్లోనే ఉష వచ్చి వంట చేస్తుంది. ఆ రోజుల్లో తనూ పని మానేస్తే ఇల్లు గడవదని చాలా మామూలుగా చెప్తుంది. నాయికకి వెళ్లడానికి పుట్టిల్లుంది, చేతిలో నాట్యవిద్య వుంది, చివర్లో నడుపుకుంటూ వెళ్లే కారుంది. ఉష ఆ వంటింట్లోంచి బయటికి నడిస్తే ఇంకో వంటింట్లోకే నడవాలి. సినిమా ఉషని చూపించింది, ఆమె మాట విన్పించింది, కానీ ఆమెతో పాటు వెళ్లలేదు. అగ్రకుల వంటిల్లు చూసి 'భారతీయ వంటిల్లు' అని పేరు పెట్టేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోకపోతే ఎలా? దళిత స్త్రీలు మన సాహిత్యంలో ఈ ప్రశ్న వేసి దశాబ్దాలైంది. సినిమా దగ్గరికి వచ్చేసరికి మనం దాన్ని మర్చిపోతున్నాం. నన్నడిగితే నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ ఉషది.

2024 సెప్టెంబర్‌లో వచ్చిన '35 - చిన్న కథ కాదు' మార్కుల గురించే తీసిన తెలుగు సినిమా. తిరుపతిలో వుండే సరస్వతి పదో తరగతి తప్పిన గృహిణి. ఆమె కొడుకు అరుణ్‌కి లెక్కలు రావు. ఎందుకు రావంటే వాడు వేసిన మంచి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. విలువ లేని సున్నా, ఒకటి పక్కన చేరగానే పది ఎలా అవుతుంది? లెక్కల మాస్టారు వాణ్ణే సున్నా అంటాడు. పిల్లవాడు గట్టెక్కాలంటే ముప్ఫై అయిదు మార్కులు రావాలి, అందుకోసం తల్లి తనే లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్‌కి ఈ పాత్ర తెలంగాణ ప్రభుత్వ గద్దర్ అవార్డు తెచ్చింది. "నీట్‌గా వుంది, ఫ్యామిలీతో చూడొచ్చు" అని అందరూ అన్నారు. నాకూ నచ్చింది, మూడున్నర ఇస్తాను. అయితే సరస్వతి పుస్తకం పట్టింది కొడుకు కోసం. ఆ పిల్లాడు మొదటినుంచీ నూటికి నూరు తెచ్చుకునేవాడైతే సరస్వతికి లెక్కలు వచ్చేవా? స్త్రీ చదువుని మంచి తల్లిగా తీర్చిదిద్దే చదువుగా సమర్థించుకోవడం మనకి వీరేశలింగం నాటి నుంచీ అలవాటే. 'ఫ్యామిలీతో చూడొచ్చు' అన్న యోగ్యతాపత్రం ఎప్పుడు దొరుకుతుందో గమనించండి. ఆమెకి జరిగిన మేలు ఫ్యామిలీకి కూడా మేలైనప్పుడే దొరుకుతుంది.

ఆ పత్రం అంత తేలిగ్గా దొరకని సినిమా 2025 నవంబర్‌లో వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్'. రాహుల్ రవీంద్రన్ తీసిన ఈ సినిమాలో భూమాదేవి ఎం.ఏ. సాహిత్యం విద్యార్థిని. విక్రమ్ ఆమెని ప్రేమించడు, ఆక్రమిస్తాడు. ఆమె 'ఊ' అనలేదు, 'ఊహూ' కూడా అనలేకపోయింది. ఆ అనలేకపోవడాన్ని సినిమా ఓపిగ్గా చూపించింది. విక్రమ్ తల్లిగా రోహిణి దాదాపు మాట్లాడదు. ఆ మౌనాన్ని చూసినప్పుడు భూమకి తన రేపు కనపడుతుంది. ఆ ఒక్క సన్నివేశం కోసం సినిమా చూడొచ్చు. ఎనిమిదేళ్ల క్రితం ప్రీతికి దొరకని గడి ఇక్కడ దొరికింది. నా ఫిర్యాదల్లా చివర్లో భూమ అందరిముందూ మాట్లాడే మాటల గురించి. రోహిణి మౌనంతో చెప్పిన దాన్ని మళ్లీ ఉపన్యాసంలా చెప్పాలా? మూడు ముప్పావు. ఆ ముప్పావు ఎందుకో మీకు తెలిసింది కదా.

మన తరఫున ఒక కొలత వుండాలని ప్రయత్నించినవాళ్లూ లేకపోలేదు. ఆలిసన్ బెక్డెల్ 1985లో తన కామిక్‌లో మూడు షరతులు పెట్టింది. సినిమాలో కనీసం ఇద్దరు స్త్రీలుండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అదీ మగవాడి గురించి కాకుండా. ఆ ఆలోచన తన స్నేహితురాలు లిజ్ వాలెస్‌దని చెప్పింది కూడా. 2013లో స్వీడన్‌లో కొన్ని థియేటర్లు ఈ పరీక్ష నెగ్గిన సినిమాలకి 'ఎ' గుర్తు ఇచ్చాయి. ఈ పరీక్ష గుడ్డిదని అందరికీ తెలుసు. పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కి 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి వచ్చింది. ముంబైలో నర్సుగా వున్న ప్రభకి జర్మనీలో వున్న భర్త నుంచి వచ్చినట్లుగా ఒక రైస్ కుక్కర్ వస్తుంది. మనిషి రాలేదు, మాట రాలేదు, కుక్కర్ వచ్చింది. ఒక రాత్రి ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుని హత్తుకుంటుంది. అక్కడ మాటలే లేవు, రెండో స్త్రీ లేదు, వున్నదంతా మగవాడి గురించే. ఆ దృశ్యాన్ని ఏ షరతుతో కొలుస్తాం? పరీక్ష వల్ల ఉపయోగం ఒక సినిమాని తూచడంలో లేదు. నూరు సినిమాల్ని వరసగా పెట్టినప్పుడు ఎంతమంది స్త్రీలు నోరు విప్పలేదో తేల్చడంలో వుంది.

మరి ఒక్కో సినిమాని తూచేదెవరు? నేను ఈ మధ్య స్టాఫ్ రూముల్లో, బస్సుల్లో, మా ఇంట్లో ఆడవాళ్లు సినిమా గురించి మాట్లాడే మాటలు రాసుకుంటున్నాను. "బాగుంది గానీ మా ఆయనతో కూర్చుని చూడలేం" అంది ఒక సహోద్యోగి, 'ది గర్ల్‌ఫ్రెండ్' గురించి. ఏ పత్రికలోనైనా ఇంతకంటే సూటి సమీక్ష వచ్చిందా? కిరణ్ రావ్ 'లాపతా లేడీస్' చూసి మా పిన్ని అన్న మాట ఇంకోటి. అందులో ఇంటి మగవాళ్లకి నచ్చదని తనకిష్టమైన కూర వండుకోవడమే మానేసిన అత్తగారు వుంది. తప్పిపోయిన పెళ్లికూతుళ్ల సంగతి పక్కనపెట్టి మా పిన్ని, "నాకేం కూర ఇష్టమో నాకూ గుర్తులేదే" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ సినిమాకి ఎంత ఇస్తావని నేను అడగలేదు.

సాహిత్య విమర్శ రాసేటప్పుడు ఇలాంటి మాటల్ని 'సాధారణ పాఠకుల స్పందన' అని ఒక వాక్యంలో దాటేయడం మనకి నేర్పారు. అది సిద్ధాంతం కాదట, అభిప్రాయమట. కానీ జీవితంతో పోల్చి చూసుకుని, ఎక్కడ అబద్ధమాడారో, ఎక్కడ నిజం చెప్పారో పట్టుకోవడమే కదా విమర్శ? ఆ పని మా పిన్ని చేసింది. మార్కుల గడులు గీసేవాళ్లు చేయలేదు. ఆడవాళ్ల అభిప్రాయాలు గాలికి పోతున్నది అవి తేలికవి కావడం వల్ల కాదు, ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల. అంకెలు మాత్రం ఎక్కడికీ పోవు, సినిమాతో పాటు ఎప్పటికీ అంటుకుని వుంటాయి.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఎంత ఇవ్వొచ్చు?" అని అడిగితే అంకె చెప్పండి, తప్పులేదు. ఆ తర్వాత పావు దేనికి తగ్గించారో కూడా చెప్పండి. చెప్పింది రాసిపెట్టండి.